తిరిగి వచ్చాక చేయవలసిన పని

తొమ్మిది రోజులుగా తన ఇంటి గుమ్మంలో నిలబడి ఉన్న ఆఫీసు మనిషి కాళ్ళ మీద పొట్టు పడకుండా, ఎర్నమ్మ చేటను కొంచెం పక్కకి తిప్పి సోళ్ళు చెరుగుతోంది. అతను ఆ గుమ్మంలో నిలబడి ఉన్నంతవరకే కిందికి వెళ్ళిన ఆమె కూతురు తిరిగి రాగలదు. అందుకని ఎర్నమ్మ అతన్ని జాగ్రత్తగా చూసుకుంటోంది. పొద్దున అంబలి, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం ఉంటే టీ. ఇల్లు అలికినప్పుడు అతని రెండు పాదాల చుట్టూ అలికింది. ఇప్పుడు గుమ్మంలో రెండు పాదాల మేర పాత మన్ను, చుట్టూ కొత్త పేడ పచ్చగా కనిపిస్తున్నాయి.

అతని పేరు కూర్మారావు. జేబులో ఒక చీటీ ఉంది. దాని మీద మూడు గడులు ఉన్నాయి. ఇంటి నంబరు: 224. ఎడమవైపు: అయినది. తిరిగి వచ్చాక చేయవలసిన పని: ఏమీ లేదు.

ఇది ముంపు కాలనీ. రిజర్వాయరు నిండినప్పుడు తోటవలస, గెడ్డపేట అనే రెండు ఊళ్ళు మునిగిపోయాయి. నిర్వాసితుల పేర్లు కంప్యూటర్లో ఎక్కించడానికి వచ్చిన ఇంజినీరు సి భాషలో ఒక ప్రోగ్రాం రాశాడు. ప్రతి కుటుంబానికి ఒక నంబరు. మొదట వచ్చిన పేరు పైన ఉంటుంది. తర్వాత వచ్చిన నంబరు దానికన్నా చిన్నదైతే ఎడమకి, పెద్దదైతే కుడికి పోతుంది. అక్కడ ముందే ఎవరైనా ఉంటే మళ్ళీ అదే ప్రశ్న, మళ్ళీ ఎడమో కుడో, ఖాళీ చోటు దొరికేవరకు. ఏ పేరు అడిగినా కంప్యూటరు ఠక్కున వెతికి చూపించింది. అది చూసి పెద్ద అధికారి చాలా సంతోషించి, పేర్లని ఇంత చక్కగా ఉంచగలిగినప్పుడు మనుషుల్ని కూడా ఇలాగే ఉంచవచ్చు కదా అన్నాడు. ఇళ్ళు ఆ ప్రకారమే కట్టారు. ఆఫీసు కాగితాల్లో కాలనీని చెట్టు అని రాస్తారు. వేరు పైన, ఆకులు కింద. దీని నీడ ఏ వైపు పడుతుందని ఎర్నమ్మ మొదట్లో ఒకసారి అడిగింది. నీడ గురించి డిజైనులో ఏమీ లేదని చెప్పారు.

ప్రతి ఇంటి నుంచి కిందికి రెండు దారులు వేశారు, ఎడమదొకటి, కుడిదొకటి. పైకి దారి వెయ్యలేదు. ప్రోగ్రాంలో దానికి చోటు లేదు. నీళ్ళు, బియ్యం, ఆర్డర్లు అన్నీ పైనుంచి కిందికే వస్తాయి కాబట్టి కిందివాళ్ళకి పైన పని ఉండదని తేల్చారు. ఎవరైనా కిందికి వెళ్ళి తిరిగి రావాలంటే, దాటి వెళ్ళిన ప్రతి గుమ్మంలోను చీటీ ఉన్న మనిషి ఒకడు నిలబడి ఉండాలి. నిలబడి ఉంటే దారి ఉంటుంది. లేకపోతే వెనక్కి తిరిగిన మనిషికి తుప్పలే కనిపిస్తాయి. ఇది కొందరికి కొత్తలో వింతగా తోచింది. రెండు వానాకాలాలు గడిచాక ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

ఇళ్ళు ఇచ్చిన రోజున తోటవలసవాళ్ళు తోసుకుంటూ, తిట్టుకుంటూ, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ వచ్చారు. 96 ముందు, తర్వాత 31, తర్వాత 150, తర్వాత 12, ఎవరు దూరితే వాళ్ళు. దానివల్ల వాళ్ళ ఇళ్ళు ఇటూ అటూ చక్కగా పరుచుకున్నాయి. రెండు వందల కుటుంబాలున్నా ఎవరి ఇల్లూ పైనుంచి పది పన్నెండు గుమ్మాలకి మించి దూరం లేదు.

గెడ్డపేట అలాంటి ఊరు కాదు. అది పక్కన పారే గెడ్డ నీళ్ళని వంతులవారీగా కట్టుకుని బతికిన ఊరు. ఎవరి వంతు వచ్చేవరకు వాళ్ళు పార చేత్తో పట్టుకుని గట్టు మీద కూర్చునేవారు. పొలం ఎండిపోతున్నా ముందువాడి మడి తడిసేదాకా మడవ తిప్పేవారు కాదు. ఆ రోజు కూడా ఊరి పెద్ద అందర్నీ నంబరు ప్రకారం నిలబెట్టి, నలుగురిలో మన ఊరి పరువు తియ్యకండని చెప్పాడు. 201 వెళ్ళాడు. 202 వెళ్ళి, అతనికన్నా పెద్ద నంబరు కాబట్టి అతని కుడికి దిగాడు. 203 అతని కుడికి దిగాడు. ముప్పయ్యో కుటుంబం దగ్గర గుమస్తాకి అనుమానం వచ్చి, కొంచెం కలిసిపోయి రండయ్యా అని కేకేశాడు. గెడ్డపేటవాళ్ళకి ఆ మాట నచ్చలేదు. వరస తప్పకుండా అరవై ఒక్క కుటుంబాలూ ముందువాళ్ళ వీపు చూసుకుంటూ దిగాయి. అరవై ఒక్క ఇళ్ళూ ఒకదాని కింద ఒకటిగా ఒకే తాడులా పడ్డాయి. వాళ్ళ ఎడమ దారులన్నీ తుప్పల్లోకి వెళ్ళి ఆగిపోతాయి.

నీళ్ళ బండి 96 దగ్గర ఆగుతుంది. అక్కణ్ణించి గొట్టంలో నీళ్ళు కిందికి వస్తాయి. ప్రతి ఇల్లు మనిషికి రెండు బిందెల చొప్పున పట్టుకుని మిగిలింది వదలాలి. ఎర్నమ్మ ఇల్లు తాడులో ఇరవై నాలుగోది. ఆమె నాలుగు బిందెలు పట్టుకునేది, తనకి రెండు, కూతురు తులసికి రెండు. కిందనున్న ముప్పయ్యేడు ఇళ్ళకి ఎంత వెళ్తుందో ఆమెకి తెలియదు. ఇంకా పట్టుకోవాలని ఆమెకి ఎప్పుడూ అనిపించలేదు. ఆమెది గెడ్డపేట.

ఈ ఏడాది లెక్క తీయమని ఆర్డరు వచ్చింది. లెక్కకి పద్ధతి ఉంది. ముందు ఎడమవైపు ఇళ్ళన్నీ చూడాలి, తర్వాత ఆ ఇల్లు రాసుకోవాలి, తర్వాత కుడివైపుకి దిగాలి. అలా నడిస్తే పేర్లన్నీ చిన్న నంబరు నుంచి పెద్ద నంబరు వరకు వాటంతటవే వరసలో పడతాయి. రాసే మనిషి ఒకరు, గుమ్మాల్లో నిలబడే మనుషులు నలభైమంది. రాసే మనిషి చేతిలో ట్యాబు ఉంటుంది. అందులో ఎక్కించిన పేరు అప్పటికప్పుడే ఆఫీసు తెర మీద పడుతుంది.

రాసే ఉద్యోగం తులసికి వచ్చింది. ఆమె ముంపుకి ముందే బస్సులో తిరిగి డిగ్రీ చదువుకుంది. ఆఫీసువాళ్ళు రమ్మన్న రోజున ఆమె కోసం పై గుమ్మాలన్నింట్లోను మనుషుల్ని నిలబెట్టి 96 దాకా తీసుకెళ్ళారు. కాలనీలో కుడి తాడు నుంచి పైకి వెళ్ళిన మొదటి మనిషి ఆమె.

పదిహేను రోజుల తర్వాత లెక్క రాసుకుంటూ తులసి తన ఇంటికే వచ్చింది. మెడలో కార్డు, చేతిలో ట్యాబు. వెనక కూర్మారావు, అతని వెనక మిగిలిన నిలబడేవాళ్ళు. ఎర్నమ్మ పీట వేసింది. తులసి కూర్చోలేదు.

"ఎడంపక్క ఎవులైనా ఉన్నారా?" అని అడిగింది.

"నీకు తెల్దేటే?"

"తెలుసమ్మా. నాను అడగాల, నువ్వు సెప్పాల."

"ఎవుల్నేరు. తుప్పలున్నాయి."

"తుప్పలు రాయకూడదు." తులసి వేలితో నొక్కింది. "ఇంట్లో ఎంతమంది?"

"ఇద్దరం."

"ఒక్కర్తివే."

"మరి నువ్వో?"

"నానిప్పుడు ఇంట్లో లేనమ్మా, డూటీలో ఉన్నాను. రాసే మనిషి తనని తాను రాసుకోకూడదు. పుస్తకంలో ఉంది."

"నీ పేరు మరెవులు రాస్తారే?"

"లెక్కయ్యేక ఎనక్కి ఇటేపే వస్తాను గదా, అప్పుడు డూటీ అయిపోద్ది. అప్పుడు దిద్దుతాను."

ఎర్నమ్మకి అది న్యాయంగానే తోచింది. అంబలి తాగి వెళ్ళమంది. వెనక ఇంకా పదకొండుమంది నిలబడేవాళ్ళు ఎండలో ఉన్నారని తులసి గ్లాసు ముట్టుకోలేదు. కూర్మారావుకి చీటీ రాసిచ్చి, గుమ్మంలో నిలబెట్టి, మిగిలినవాళ్ళతో కుడి దారిన దిగింది.

తాడు దగ్గరికి రాకముందే తోటవలస గుమ్మాల్లో అయిదుగురు నిలబడ్డారు. మిగిలిన ముప్పయ్యయిదుగురు 201 నుంచి 235 దాకా ఇంటికొకరు చొప్పున అయిపోయారు. 236 రాశాక, ఆ గుమ్మంలో నిలబెట్టడానికి తులసి దగ్గర మనిషి లేడు. మనిషిని నిలబెట్టకుండా కిందికి దిగకూడదు. లెక్క పూర్తి కాకుండా పైకి రాకూడదు. ఆమె 236లో ఆగిపోయింది. ట్యాబులో పేర్లు ఎక్కించడానికి గడులున్నాయి కాని, మనుషులు చాలలేదని చెప్పడానికి గడి లేదు. అందుకని ఆ మాట నోటి మీదే వెళ్ళాలి. 235లో నిలబడ్డవాడు 234కి కేకేశాడు, 234 అతను 233కి. కేక ఎర్నమ్మ గుమ్మం దాటినప్పుడు ఆమె కూతురి గొంతు కోసం చెవి పెట్టింది. అది కూర్మారావు గొంతే.

మూడు రోజులకి జవాబు దిగింది. ఏ ఇంటి నుంచి అడుగుతున్నారో నంబరు తెలపవలెను. నంబరు చెప్పారు. మళ్ళీ మూడు రోజులు పట్టింది.

ఆ రోజుల్లోనే ఎర్నమ్మ సోళ్ళు చెరుగుతూ కూర్మారావు చీటీ అడిగి చూసింది. ఆమెకి కూడబలుక్కుని చదవడం వచ్చు.

"తిరిగొచ్చేక సెయ్యాల్సిన పని ఏటీ లేదంట. మరి ఎందుకు నిల్సున్నావు తమ్ముడూ?"

"ఆలు తిరిగొచ్చేక అయిపోయిందని పైకి సెప్పాల గదప్పా."

"అదొక్కటే?"

"అదొక్కటే. నాకు పైనున్నోడిదీ అదే పని. ఆడికి పైనున్నోడిదీ అదే."

"పని నేదు గానీ కదల్డానికి నేదు."

"ఎవుడు మాత్రం అంతకంటే ఏటి సేస్తన్నాడప్పా," అని కూర్మారావు ఒక కాలి మీది బరువు రెండో కాలి మీదికి మార్చాడు. అతని ఇల్లు తోటవలస వైపు, పైన 177. భార్య, ఇద్దరు ఆడపిల్లలు. పెద్దపిల్లకి మాటిమాటికీ జ్వరం వస్తుందని ఒకసారి చెప్పాడు. మళ్ళీ ఎత్తలేదు.

పదో రోజు పొద్దున సర్క్యులర్ దిగింది. ఇంజినీరు సమస్యని పరిశీలించాడనీ, మనుషుల కొరతకి కారణం మనుషుల్ని అనవసరంగా నిలబెట్టడమేననీ అందులో ఉంది. ఎడమవైపు అయిపోయి, ఇల్లు రాయడం కూడా అయిపోయి, తిరిగి వచ్చాక చేయవలసిన పని ఏమీ లేని గుమ్మాలలో మనిషి ఉండనవసరం లేదు. అలాంటి గుమ్మాలన్నీ ఖాళీ చేసి, అక్కడివారిని పైనుంచి వరసగా కిందికి పంపి లెక్క పూర్తి చేయవలెను. పేర్లు రాసినవి రాసినట్టే ఆఫీసుకి చేరుతున్నాయి కనుక రాసిన మనిషి తిరిగి రావలసిన అవసరం కూడా కనబడుట లేదు.

చెప్పుకోదగ్గ ఉపాయం అది. మనుషుల్ని పెంచకుండా, ఖర్చు పెంచకుండా, ఎంత లోతైన తాడునైనా లెక్క పెట్టవచ్చు. దానికి ఇంజినీరుని మెచ్చుకున్నారని సర్క్యులర్ చివర రాశారు.

ఆ మధ్యాహ్నం నుంచే పైనుంచి నిలబడేవాళ్ళు దిగడం మొదలుపెట్టారు. 96లో నిలబడ్డ ముసలాయన ముందొచ్చాడు. పేరు పారినాయుడు. ఎర్నమ్మ ఇంట్లో మంచినీళ్ళు తాగి, కాళ్ళు చాపి అరుగు మీద కూర్చున్నాడు. ఇరవై అయిదు రోజుల తర్వాత అదే కూర్చోవడం.

"ఓరి కూర్మారావూ, నువ్వు నిల్సునే ఉన్నావేట్రా. మీ ఇంటావిడ ఎదురైంది, కుశలం అడిగింది," అన్నాడు.

"ఏటన్నావు?"

"నిలబడ్డాడమ్మా, బాగా నిలబడ్డాడన్నాను. మరేటంటాను." అతను నవ్వాడు. కూర్మారావు నవ్వలేదు. "నువ్వు ఎనక్కి ఎలా ఎల్తావు తాతా?" అని అడిగాడు.

"ఎనక ఎవుడూ లేడు గదరా ఎల్డానికి. నానే ముందు గుమ్మం. నాను లెగిసినప్పుడే అయిపోయింది." గ్లాసు బోర్లించి పెట్టి, పెళ్ళికి వెళ్తున్నవాడిలా కండువా దులుపుకుని కుడి దారిన దిగాడు.

తర్వాత రోజుకి ఆరుగురు ఏడుగురు చొప్పున వచ్చారు. అందరికీ ఎర్నమ్మ నీళ్ళిచ్చింది. అందరూ తాగి, ఇల్లు బాగుందని అన్నారు. ఒక్కొక్కరు వచ్చినప్పుడు ఆమె వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. పైన ఇరవై ఎనిమిది గుమ్మాలు. ఇరవై ఎనిమిదో మనిషి 223 నుంచి వస్తాడు. తర్వాత వంతు కూర్మారావుది.

నాలుగో రోజున, ఇరవై ఆరో మనిషి దాటాక, ఆమె మాట్లాడింది.

"తమ్ముడూ, ఈ గుమ్మంకి ఆ సర్క్యులర్ తగల్దు."

"ఎందుకు తగల్దు?"

"ఈ ఇంట్లో పనుంది. తిరిగొచ్చేక దిద్దుతానంది. నువ్వు ఇన్నావు. ఒక మనిషిని కలపాల."

కూర్మారావు చీటీ తీసి చూశాడు. "ఏమీ లేదనుందప్పా."

"అది అచ్చు. అందరికీ అదే అచ్చు. నువ్వు రాయి."

"నాను రాయకూడదు. రాసే మనిషే రాయాల."

"రాసే మనిషి కిందుంది."

"అదే గదప్పా మరి."

ఎర్నమ్మ వాదించలేదు. "పోనీ, నువ్వెల్లిపో. నాను నిల్సుంటాను," అంది.

"నీకు చీటీ లేదు గదా. చీటీ లేని మనిషి నిల్సుంటే గుమ్మం ఖాళీ కిందే లెక్క. ఆ పిల్ల వచ్చి సూసినా తుప్పలే అవుపిస్తాయి."

"నాను అవుపించనా?"

అతను చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. కింద 225 నుంచి 235 దాకా ఇంకా పదకొండు గుమ్మాలున్నాయి, అవి కూడా ఖాళీ అవుతాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ 224 గురించే మాట్లాడుకున్నారు.

అయిదో రోజున నీళ్ళు వదిలే వేళకి పైనుంచి కాగితం కూడా వచ్చింది. లెక్క పూర్తయింది. దిగిన ఇరవై ఆరుగురితో 236 నుంచి 261 దాకా అయిపోయింది. 1 నుంచి 261 వరకు ఒక్క నంబరు కూడా తప్పకుండా, ఒక్క చోట కూడా వెనకాముందు కాకుండా జాబితా వచ్చిందనీ, ఇంత చక్కటి జాబితా ఈ ఆఫీసు చరిత్రలో లేదనీ రాశారు. ఇక మీద నీళ్ళు జాబితా ప్రకారం. ఎర్నమ్మ తన వరస దగ్గర వేలు పెట్టి చదివింది. 224. పోలిపల్లి ఎర్నమ్మ. ఒకరు. తర్వాత 225 మొదలుకొని చివరి దాకా చదివింది. పేర్లన్నీ తులసి ఎక్కించినవే. తులసి పేరు ఎక్కడా లేదు.

"లెక్క అయిపోయింది గదా, ఇంకా దిగడం ఎందుకు?" అని పైవాళ్ళని అడగమని ఆమె 223 గుమ్మంలోని మనిషికి కేకేసింది. ఆ మనిషి ఎవరినీ అడగలేదు. అతని పైన అప్పటికి అడగడానికి ఎవరూ లేరు. దిగమన్న ఆర్డరు వచ్చింది కాని ఆపమన్న ఆర్డరు రాలేదని అతను తనంతట తానే జవాబు చెప్పి, సాయంత్రానికి దిగి వచ్చాడు. నీళ్ళు తాగాడు. ఇల్లు బాగుందన్నాడు. వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున గొట్టం విప్పినప్పుడు ఎర్నమ్మ రెండు బిందెలే పట్టింది. ఒక బిందె పొయ్యి పక్కన పెట్టుకుంది. రెండోది కుడి దారి మొదట్లో పెట్టి, మూతి మీద బోర్లించిన చెంబు పెట్టి, దుమ్ము పడకుండా గుడ్డ కట్టింది. మిగిలిన నీళ్ళు వదిలేసింది. గొట్టంలో వదిలిన నీళ్ళు పేరున్నవాళ్ళకే వెళ్తాయి. పేరు లేని మనిషికి నీళ్ళు మోసుకెళ్ళి ఇవ్వాలి. ఆమె తానే మోసుకెళ్ళవచ్చు. కాని ఇల్లు ఖాళీ అయితే గొట్టం విప్పి కిందికి వదిలే చెయ్యి ఉండదు. ముప్పయ్యేడు ఇళ్ళు ఎండిపోతాయి, తులసి ఉన్న చోటు కూడా. ఇది ఆమె రాత్రంతా అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఎటు తిప్పినా తను ఇక్కడే ఉండాలని తేలింది.

"నిలబడేవోలు బరువులు మొయ్యకూడదప్పా," అన్నాడు కూర్మారావు బిందెని చూసి. "చీటీ తప్ప ఏదీ ఉండకూడదు."

"నాను మొయ్యమన్లేదు. అక్కడ పెట్టేనంతే."

"రోజూ పెడతావా?"

"నాకు ఒక బిందె సాలు."

కూర్మారావు గుమ్మం దిగలేదు. పైకి చూశాడు. 223 వైపు దారి ఉండాల్సిన చోట తుప్పలు పూతకొచ్చి ఉన్నాయి. వాటి వెనక ఎక్కడో 177 ఉంటుంది. అతను చాలాసేపు అటే చూసి, పొయ్యి దగ్గరికి వెళ్ళి ఒక బొగ్గుముక్క తెచ్చుకున్నాడు. చీటీని తలుపు చెక్కకి ఆనించి, మూడో గడిలో ఉన్న 'ఏమీ లేదు' అనే రెండు మాటల్నీ కొట్టేశాడు. వాటి చోట వేరే ఏదీ రాయలేదు. రాసే అధికారం అతనికి లేదు. కొట్టేయకూడదని మాత్రం ఎక్కడా రాసి లేదు.

ఎర్నమ్మ చెయ్యి తుడుచుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. అలకని ఆ రెండు పాదాల చోట్లలో ఆమె పాదాలు పట్టి, చుట్టూ కొంచెం మన్ను మిగిలింది. అది సాయంత్రం అలుకుతాననుకుంది.

కూర్మారావు చీటీని ఆమె పక్కన గూట్లో పెట్టాడు. బిందె భుజానికెత్తుకున్నాడు. కుడి దారిన దిగిపోయాడు.